పాప మంచానికి తల దొరకలేదు

ఒక సమాజం ఎంత నాగరికమైందో తెలుసుకోవడానికి దాని వంతెనలూ మేడలూ చూడనక్కర్లేదు. మూడు కిలోల బిడ్డ ఒకటి నిద్రపోవాలంటే ఎంతమంది సంతకం పెట్టాలో చూస్తే చాలు. ఆ కొలత ప్రకారం మా ఊరు చాలా ముందుంది. మాకు పదకొండు మంది కావాలి.

ఈ పదకొండు మందినీ ఒక్క గొడుగు కిందికి తెచ్చిన ఘనత శిశు శయన భద్రతా విభాగానిది. విభాగం వారి నిబంధనలు మంచివేనని మొదటే ఒప్పుకుంటున్నాను (ఒప్పుకోకపోతే ఏ నిబంధన కింద ఏం చేస్తారో నాకు తెలియదు). మంచం ఊచల మధ్య బిడ్డ తల దూరకూడదు. పరుపు గట్టిగా ఉండాలి, అంచుల వెంట సందు ఉండకూడదు. లోపల దిండ్లూ బొమ్మలూ ఉండకూడదు. గడియ దానంతటది ఊడకూడదు. బుద్ధున్న ఏ అమ్మమ్మ అయినా చెప్పగల నాలుగు మాటలు. పుస్తకం మాత్రం నాలుగు వందల పేజీలు. తక్కిన పేజీలన్నీ ఈ నాలుగు మాటలనూ ఎవరు తనిఖీ చేయాలి, తనిఖీ చేసినవారిని ఎవరు తనిఖీ చేయాలి అన్న విషయానికి కేటాయించారు.

ఇక మన దంపతుల సంగతి. ఆయన లిఫ్టు మెకానిక్కు. పద్దెనిమిదేళ్ళుగా మనుషులు కింద పడకుండా చూడటమే ఆయన వృత్తి. అందువల్ల పడిపోయే అవకాశమున్న ప్రతి వస్తువునూ ఒకసారి ఊపి చూడటం ఆయనకు అలవాటు. మొదటిసారి అత్తారింటికి వెళ్ళినప్పుడు కుర్చీని ఊపి చూసి మరీ కూర్చున్నాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. ఆవిడ దర్జీ. మెడలో టేపు లేకుండా గుమ్మం దాటదు. ఆవిడకు ఎనిమిదో నెలలో ఇద్దరూ మంచం కొనడానికి ఒక పెద్ద దుకాణానికి వెళ్ళారు.

అక్కడి సేల్స్‌మన్ మొదట రాజుగారి పల్లకీ లాంటిదాన్ని చూపించాడు. నాలుగు దిక్కులా కుచ్చుల దిండ్లు, పైన తెర, తెర నుంచి వేలాడే ఏనుగులు, మీట నొక్కితే పాట.

"చేత్తో నొక్కి చూడండి సార్. వెన్నముద్దే! ఇందులో పడుకున్న పిల్లలు ఇంక లేవరు," అన్నాడు గర్వంగా.

మెకానిక్కు అరచేత్తో నొక్కాడు. చెయ్యి మణికట్టు దాకా దిగిపోయింది. "నిజమే, లేవరు," అని చెయ్యి బయటికి లాక్కున్నాడు. తరవాత వరుసగా తొమ్మిది మంచాలు ఊపాడు. రెండింటి గడియలు చేతికొచ్చాయి. ఆవిడ బరువైన పొట్టతోనే వంగి ఊచల మధ్య టేపు పెట్టి కొలుస్తూ వచ్చింది. చివరికి దుకాణం మూలన, రంగు కూడా వేయని ఒక చెక్క మంచం కనిపించింది. ఎంత ఊపినా కదలలేదు. ఊచలు దగ్గరగా ఉన్నాయి. పరుపు పలకలా ఉంది, అంచుల్లో ఆవిడ చిటికెనవేలు కూడా దూరలేదు.

"అది ఎవరూ తీసుకోరండీ," అన్నాడు సేల్స్‌మన్ మొహం ముడుచుకుని.

"ఏం? ఏముంది దాన్లో?"

"ఏమీ లేదండీ. అదే కదా!"

"పాప ఉంటుందిలే నాయనా," అంది ఆవిడ.

మంచం ఇంటికొచ్చింది. కిటికీకి దూరంగా, గోడకు ఆనించి పెట్టారు. ఆయన ప్రతి బోల్టునూ విప్పి మళ్ళీ బిగించాడు. తనిఖీ కోసం ఆ మర్నాడే విభాగం కౌంటరు ముందు నిలబడ్డాడు. గుమాస్తా ఫారం తీసుకుని మొదటి గడి మీద కలం ఆనించాడు.

"శిశువు పుట్టిన తేదీ?"

"ఇంకా పుట్టలేదండీ. వచ్చే నెల."

గుమాస్తా కలం కింద పెట్టాడు. పుట్టనివాళ్ళ తరఫున వచ్చి నిలబడ్డవాళ్ళను ఆయన చాలామందిని చూసినట్టున్నాడు. "పుట్టని బిడ్డకి మంచమెందుకండీ?"

"పుట్టాక పడుకోవాలి కదండీ. ముందుగా చూపించుకుంటే..."

"పుట్టాకే రండి. ఒక్క రోజు పని." (అది ఏ రోజో ఆయన చెప్పలేదు.)

పాప అనుకున్న రోజుకే పుట్టింది. ఇంత కచ్చితంగా సమయానికి జరిగిన పని ఈ కథలో ఇదొక్కటే. మూడో రోజున ఆస్పత్రి వాళ్ళు ఇంటికి పంపే కాగితం రాస్తూ తొమ్మిదో గడి దగ్గర ఆగారు. అక్కడ మంచం ధ్రువపత్రం సంఖ్య వేయాలి. అది లేనిదే బిడ్డను గుమ్మం దాటించకూడదని కొత్త ఉత్తర్వు. తల్లి వెళ్ళవచ్చు, ఆవిడకు అభ్యంతరం లేదు.

"పాపని వదిలేసి నేనొక్కదాన్నీ వెళ్ళి ఆ మంచంలో పడుకోనా?" అంది ఆవిడ.

ఆ ప్రశ్నకు ఫారంలో గడి లేదు.

మెకానిక్కు కౌంటరుకు పరుగెత్తాడు. ఐదో రోజు ఉదయం తనిఖీ అధికారి ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయటే విడిచాడు. మంచాన్ని ఊపాడు. పరుపు నొక్కాడు. గడియ తీసి వేశాడు. ప్రతిసారీ "బాగుంది, బాగుంది" అన్నాడు. మెకానిక్కుకూ ఆయన తల్లికీ ప్రాణం లేచొచ్చింది. ఆ తరవాత అధికారి సంచిలో చెయ్యి పెట్టి, వెతికి, ఉత్త చెయ్యి బయటికి తీశాడు.

"తల లేదండీ," అన్నాడు.

ప్రామాణిక శిశు శిరస్సు అని ఒకటుంది. పసిబిడ్డ తలంత చెక్క గుండు. దాన్ని ఊచల మధ్య పెట్టి తోయాలి. దూరకపోతే మంచం పాసైనట్టు. మొత్తం విభాగానికి అలాంటిది ఒక్కటే ఉంది.

"మరి ఆ తల ఎక్కడుందండీ?"

"హెడ్డాఫీసులో ఉంది."

"ఎప్పుడొస్తుంది?"

"ఏటా ఒకసారి దాన్ని పరీక్షించి, అది తలేనని రాసివ్వాలండీ. అప్పుడు పంపుతారు."

"ఎవరు రాసివ్వాలి?"

"ఆ పోస్టు ఖాళీగా ఉంది."

ముసలావిడ వంటింట్లోకి వెళ్ళి ఒక చెంబు పట్టుకొచ్చింది. ఊచల మధ్య పెట్టి బలంగా తోసింది. చెంబు దూరలేదు. "నా మనవరాలి తలకన్నా ఇదే చిన్నది. ఇదే దూరట్లేదు, చూడు బాబూ," అంది.

అధికారి మోకాళ్ళ మీద కూర్చుని శ్రద్ధగా చూశాడు. "దూరట్లేదమ్మా. రెండు కళ్ళతో చూస్తున్నాను. కానీ నేను చూసింది లెక్కలోకి రాదు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. అదే బాధతో సంచిలోంచి ఎర్ర పట్టీ తీసి మంచం చుట్టూ అంటించాడు. 'తనిఖీ అసంపూర్ణం. వాడరాదు.' ఊళ్ళోకెల్లా భద్రమైన మంచానికి ఆ విధంగా సీలు పడింది.

ఈ లోపల పాప ఎక్కడ పడుకుంటోందని పాఠకులు అడగవచ్చు. ఆస్పత్రిలో, ఇనుప మంచంలో, ఇంకో బిడ్డతో కలిసి. ఆ ఇంకో బిడ్డ తల్లికిది పన్నెండో రోజు. వాళ్ళ మంచానికీ తల రావాలి.

ఆరో రోజున మెకానిక్కు ఆ ఇనుప మంచాన్ని తీరిగ్గా చూశాడు. ఊచల మధ్య ఆయన పిడికిలి అటు నుంచి ఇటు వచ్చింది. పరుపు మధ్యలో గిన్నెలా గుంటపడి, పిల్లలిద్దరూ అందులోకి జారి ఒకరి మొహం ఒకరికి ఆనించుకుని ఉన్నారు. పక్క చట్రానికి గడియ లేదు. గడియ ఉండాల్సిన చోట దూదీ గుడ్డా పెట్టి కట్టు కట్టారు. ఆయన అలవాటు కొద్దీ చట్రాన్ని ఊపాడు.

కట్టు జారింది. చట్రం ధడేలుమని కిందికి దిగింది. మంచం అటువైపు ఒరిగి పిల్లలిద్దరూ అంచుకు దొర్లారు. పక్కనే స్టూలు మీదున్న ఆయన భార్య గభాల్న ముందుకు వాలింది. ఒక బిడ్డ ఆవిడ ఒళ్ళో పడింది, రెండో బిడ్డ ఆవిడ భుజానికి తగిలి ఆగింది. ఇద్దరూ ఒక్కసారే గుక్కపట్టారు. కుట్లు లాగి ఆవిడకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి కానీ కదల్లేదు.

నర్సు పరుగెత్తుకొచ్చింది. "మంచాన్ని ఎవరు ముట్టుకోమన్నారు మిమ్మల్ని?"

"సిస్టర్, దీని గడియ విరిగిపోయిందండీ!"

"మాకు తెలియదా? అందుకేగా కట్టు కట్టాం!"

"మా ఇంట్లో మంచం దీనికన్నా వందరెట్లు నయం. దానికి సీలేశారు. దీన్ని ఎవరూ చూడరా?"

నర్సు గొంతు తగ్గించింది. ఆవిడా ఆ మంచాన్ని రోజూ చూస్తున్న మనిషే. "ఆ రూల్సు నిద్రపోయే పిల్లలకండీ. ఇక్కడ పిల్లలు నిద్రపోరు. పరిశీలనలో ఉంటారు."

మెకానిక్కు పనిముట్ల సంచి తెరిచి, ఒక బోల్టు తీసి, పది నిమిషాల్లో చట్రం బిగించాడు. ఊపి చూశాడు. కదలలేదు. సాయంత్రానికల్లా ఆయన చేతికి ఒక నోటీసు వచ్చింది. చికిత్సలో ఉన్న ఆస్పత్రి సామగ్రి కట్టును అనుమతి లేకుండా విప్పినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆయన ఎవరి మీదా గొంతు పెంచలేదు. ఏడో రోజున విభాగం పై అధికారి గదిలో పెంచాడు. బల్ల మీద గుద్దాడు కూడా. (బల్ల ఊగింది. ఆయన గమనించాడు.)

పై అధికారి చిరునవ్వు చెదరనివ్వలేదు. మంచినీళ్ళు తెప్పించాడు. "ఎందుకండీ అంత ఆవేశం? మంచమే లేదనుకుంటే ధ్రువపత్రం అవసరమే లేదు కదా," అని సొరుగులోంచి పల్చటి కాగితం తీశాడు. పేరు శయనేతర ప్రకటన. బిడ్డను ఏ శిశు మంచంలోనూ పడుకోబెట్టబోమని తల్లి సంతకం పెడితే ఆ నిమిషమే ఇంటికి తీసుకుపోవచ్చు.

"మరి పాప ఎక్కడ పడుకోవాలండీ?"

"అది మా పరిధి కాదు."

"మా పెద్ద మంచం మీద వేసుకుంటే? చుట్టూ ఊచలుండవు, నేను నిద్రలో పక్కకి తిరిగితే..."

"పెద్దల మంచానికి మా దగ్గర నిబంధన లేదు. నిబంధన లేనప్పుడు ఉల్లంఘన ఉండదు. ఉల్లంఘన లేనప్పుడు ప్రమాదం అనడానికి ఆధారం ఉండదు." ఇంత స్పష్టంగా ఆలోచించే మనిషికి ఆ కుర్చీ ఎలా వచ్చిందో మెకానిక్కుకు అర్థమైంది.

ఆస్పత్రిలో ఆవిడ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"అబద్ధానికి సంతకం పెట్టమంటున్నారా?"

"పెట్టద్దులే. తల వచ్చేదాకా చూద్దాం," అన్నాడు. అంటూనే ఇనుప మంచం వైపు చూశాడు. ఆవిడా చూసింది.

"ఇలా ఇవ్వండి ఆ కలం. నిజం చెప్పినన్నాళ్ళూ గుమ్మం దాటనివ్వలేదుగా!"

ఇంటికి రాగానే ఆయన ఎర్ర పట్టీ పీకేశాడు. ఆవిడ పాపను పలక పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టింది. పుట్టాక మొదటిసారి పాప రెండు చేతులూ బార్లా చాపింది. చాపడానికి చోటుందని అప్పుడే తెలిసినట్టుంది. ఆవిడ పక్క మంచం మీద వాలి రెండు నిమిషాల్లో గాఢంగా నిద్రపోయింది. ముసలావిడ తలుపు దగ్గరగా వేసింది. మెకానిక్కు గోడకు జారగిలబడి నేల మీద కూర్చుని చాలాసేపు ఊరికే చూస్తూ ఉండిపోయాడు. ఊపి చూడాలనిపించలేదు.

ఇంటికొచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. పాత తనిఖీ అధికారే. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. ప్రకటన ఇచ్చినవారు మాట మీద ఉన్నారో లేదో చూడటం కూడా ఆయన విధుల్లో ఒకటి.

ఆయన మంచాన్నీ, అందులో ఆదమరిచి నిద్రపోతున్న పాపనూ చూశాడు. గొంతు బాగా తగ్గించాడు. "ఎంత చక్కగా నిద్రపోతోందమ్మా! తప్పుడు ప్రకటన కింద కేసవుతుంది."

"ఎక్కడ పడుకోబెట్టమంటారు బాబాయ్‌గారూ? మీరే చెప్పండి. మీకూ పిల్లలుంటారుగా?" అంది పాప తల్లి.

"మనవరాలుందమ్మా. ఇలాంటి మంచమే కొన్నాం."

"అందులోనే పడుకుంటోందా?"

"ప్రకటన ఇచ్చాం," అన్నాడు అధికారి, ఆవిడ వైపు చూడకుండా.

తరవాత ఆవిడ ఫోను అడిగి తీసుకుని విభాగం వారి యాప్ ఎక్కించాడు. అది రోజుకు మూడుసార్లు మోగుతుంది. ఎప్పుడు మోగుతుందో చెప్పదు. మోగిన నిమిషంలోపు పాప పెద్దల మంచం మీద ఉన్నట్టు ఫోటో పంపాలి. పంపకపోతే ఇంటికి మనుషులొస్తారు. మొదటి ఫోటో ఎలా తీయాలో ఆయనే దగ్గరుండి చూపిస్తానన్నాడు. పాపను రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి, పెద్ద మంచం మీద, వెలుగు బాగా పడుతుందని అంచుకు కాస్త దగ్గరగా పడుకోబెట్టాడు. పాప ఉలిక్కిపడి కాళ్ళు తన్ని అంచు వైపు ఇంకొంచెం జరిగింది. ఆవిడ చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"అమ్మా, మీ చెయ్యి ఫోటోలో పడుతోంది. పాప పడిపోయేలా ఉందేమోనని పైవాళ్ళకి అనుమానమొస్తుంది. కాస్త తీయండి."

ఆవిడ భర్త వైపు చూసింది. మెకానిక్కు ఫోటోలో పడకుండా ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆవిడ చెయ్యి తీసింది.

ఫోను టింగుమంది. తెర పచ్చగా వెలిగింది. 'అభినందనలు. మీ బిడ్డ సురక్షితంగా ఉంది.'