వెనక గేటుకు ఒక కుర్చీ

మనిషి కుర్చీని కనిపెట్టి కొన్ని వేల ఏళ్ళయింది. దాన్ని వెనక గేటు దాకా మోసుకురావడానికి కావలసిన నాగరికత మాత్రం ఇంకా తయారీలోనే ఉంది.

ఆ పెద్ద ఆఫీసుకు రెండు గేట్లు. ముందు గేటులోంచి కార్లు వస్తాయి. వెనక గేటులోంచి చిరిగిన కాగితాలు, పగిలిన అద్దాలు, రిటైరైనవాళ్ళు బయటికి పోతారు. ఆ వెనక గేటు దగ్గర కాపలా ఉండేవాణ్ణి అందరూ గేటాయన అంటారు. వచ్చింది మొదలు దిగిపోయేదాకా అతను నిలబడే ఉండాలి. కూర్చుంటే మనిషికి నిద్రొస్తుందని పైవాళ్ళ నమ్మకం. (పైవాళ్ళు కూర్చునే పని చేస్తారు కాబట్టి వాళ్ళకది స్వానుభవం.)

కొంతకాలంగా గేటాయన కుడి మోకాలు వంచితే చాలు, ఇసక నమిలినట్టు చప్పుడు చేస్తోంది. నిలబడటం తగ్గించకపోతే ఇక అది పనికిరాదన్నాడు డాక్టరు. ఆ మాట ఆఫీసులో అనడానికి వీల్లేదు. మోకాలు పనికిరాదంటే మనిషే పనికిరాడని అక్కడ రూలు. గేటాయనకంటే ముందున్న ముసలాయన ఒకరోజు నోరు జారి కాళ్ళ నొప్పులన్నాడు. ఆయన్ని ఈ గేటులోంచే సాగనంపారు.

అదే ఆఫీసులో ఊడ్చే పని చేసే గేటాయన బావమరిది ఎక్కణ్ణుంచో ఒక ఖాళీ రంగు డబ్బా తెచ్చి గోడ చాటున బోర్లించాడు. ఎవరూ రానప్పుడు గేటాయన దానిమీద కాసేపు చతికిలబడేవాడు. అంచు తొడకు గుచ్చుకునేది. అయినా అదే అతని సింహాసనం.

కుర్చీ అడుగుదామన్న దుర్బుద్ధి భార్య వల్ల పుట్టింది.

"అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అందామె మోకాలికి నూనె రాస్తూ. "కుర్చీయేగా, కిరీటమేం కాదుగా!"

"నీకు తెలీదులేవే. అక్కడ కిరీటమైతేనే తేలిగ్గా ఇస్తారు."

అయినా వెళ్ళి అడిగాడు. స్టోరు గుమాస్తా రిజిస్టరు తిరగేసి తల అడ్డంగా ఊపాడు. "కుర్చీ మా దగ్గర లేదు. చైర్ ఉంది. కానీ అది ఇంగ్లీషు మాట. దానికి బోలెడు అర్థాలు. నీకు కావలసింది ఏ అర్థమో అర్థ నిర్ధారణ విభాగం తేల్చాలి."

ఆ విభాగం పై అంతస్తులో ఉంది. లిఫ్టు అధికారులకే కాబట్టి గేటాయన మెట్లెక్కాడు. అక్కడ అందరూ కుర్చీల్లోనే కూర్చుని ఉన్నారు. (వాటిని ఏ అర్థంలో తెచ్చుకున్నారని అడగడం సభ్యత కాదు.)

"చైర్ కావాలన్నావట. ఏ చైర్?" అన్నాడు అర్థ నిర్ధారణాధికారి.

"కూర్చునేదండి."

"అదిగో, అక్కడే వచ్చింది చిక్కు." ఆయన దిండంత నిఘంటువు తెరిచాడు. ఆ మాటకు విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి అని ఒక అర్థం. సభాధ్యక్షుడని ఒకటి. ఇద్దరు మోసే పల్లకీ లాంటిదని ఒకటి. రైలు పట్టాను కదలకుండా పట్టే ఇనప ముక్క అని మరొకటి. కరెంటు పెట్టి ప్రాణం తీసేదని ఇంకొకటి. వీటిలో ఏదీ తనకు అక్కర్లేదని అర్జీదారు విడివిడిగా రాసివ్వాలి.

గేటాయన రాసిచ్చాడు. ఆచార్య పదవి ఆశించడం లేదన్నాడు. సభలకు అధ్యక్షత వహించనన్నాడు. తనను ఎవరూ మోయనక్కర్లేదన్నాడు. పట్టాల జోలికి పోనన్నాడు. కరెంటు కుర్చీ కాగితం దగ్గర మాత్రం కాస్త ఆలోచించి సంతకం పెట్టాడు.

తర్వాత మాట పుట్టుక చూశారు. గ్రీకులో పుట్టి, లాటిన్లో పెరిగి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి దిగిందని తేలింది. ఇన్ని దేశాలు దాటొచ్చిన మాట వెనక గేటు దగ్గర ఆగిపోయింది.

"పూర్వం గురువులూ, మతాధిపతులూ ఎక్కే పీఠమయ్యా ఇది," అన్నాడు అధికారి. "గేటు ప్రసక్తి ఎక్కడా లేదు."

"పోనీ, కుర్చీ అంటేనోనండీ?"

"అది అరబ్బీ నుంచి వచ్చింది. ఆ సెక్షను వేరే. సరే, కారణం చెప్పు. నిలబడలేవా?"

"అయ్యో, ఎంతసేపైనా నిలబడతానండి!" అని గేటాయన నిటారుగా నిలబడి చూపించాడు. లోపల మోకాలు ఇసక నమిలింది. అధికారికి వినబడలేదు.

"నిలబడగలిగితే కుర్చీ ఎందుకు? నిలబడలేకపోతే నువ్వెందుకు?" అధికారి చాలా సౌమ్యంగానే అడిగాడు. "స్వయంగా వచ్చి చూస్తాను."

మర్నాడు ఆయన గేటు దగ్గరికి వచ్చాడు. ఆయన కూర్చోవాలి కాబట్టి స్టోరులోంచి కొత్త కుర్చీ వచ్చింది. దానికి అర్థం ఎవరూ అడగలేదు. ప్లాస్టిక్ కవరు కూడా విప్పని ఆ కుర్చీని బావమరిది నెత్తిమీద పెట్టుకుని తెచ్చాడు.

కూర్చోగానే అధికారికి గోడ చాటున డబ్బా కనబడింది. "దీనిమీద ఎవరు కూర్చుంటున్నారు?"

బావమరిది బావ మొహం చూశాడు. బావ నేల చూశాడు.

"ఎవరూ కూర్చోరండి," అన్నాడు గేటాయన.

"అయితే చెత్తలో పారెయ్యండి."

బావమరిది డబ్బా ఎత్తుకున్నాడు. చెత్త బయటికి పోవాలంటే గేటు తీయాలి. గేటు తీయడం గేటాయన ఉద్యోగం. తీశాడు. డబ్బా వెళ్ళాక మళ్ళీ వేశాడు.

"భోంచేసి వస్తాను. కుర్చీ జాగ్రత్త," అని అధికారి లోపలికి వెళ్ళిపోయాడు.

బయటినుంచి వచ్చిన బావమరిది అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కూర్చో బావా, పిట్ట కూడా లేదు."

"వద్దురా. కవరు నలుగుతుంది."

"నీ మోకాలు నలగట్లేదా?"

"అది కనబడదుగా."

అధికారి సాయంత్రానికి గానీ రాలేదు. అంతవరకూ గేటాయన కుర్చీ వీపుమీద చెయ్యయినా ఆనించకుండా పక్కనే నిలబడ్డాడు. అధికారి కవరు తడిమి చూసి, ఎక్కడా ముడత లేదని సంతోషించి, అక్కడే కూర్చుని నివేదిక రాశాడు: "కుర్చీ అందుబాటులో ఉన్నప్పటికీ అర్జీదారు కూర్చోలేదు. కావున అతనికి కుర్చీ అవసరం లేదని నిర్ధారించడమైనది. కుర్చీకి మాత్రం కాపలా అవసరం."

కుర్చీ ఇప్పటికీ వెనక గేటు దగ్గరే ఉంది. పక్కన గేటాయన నిలబడి ఉంటాడు.