యాపిల్ పళ్ళకి బదులు

చిగుసా ఆ పూట పెట్టుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే సత్రం నుంచి బయటపడి, హిరోసాకి కోటలో మంచు చూసి, రెండు గంటల రైలెక్కడం. అదీ ఒంటరిగా. ఆ ఒంటరితనం కోసమే నగోయా నుంచి ఇంత దూరం వచ్చింది. యాభైనాలుగేళ్ళు వచ్చినా, వెంట ఎవరూ లేకుండా ఊరు దాటిన పాపాన పోలేదు. "ఒక్కదానివే వెళ్ళినా పది నిమిషాల్లో ఎవరో ఒకరు నీ మెడకి చుట్టుకుంటారు. మొహమాటం నీ జబ్బు," అని అక్క ముందే అంది. ఒక్క పూటైనా ఎవరితోనూ పని లేకుండా గడిపి అక్క నోరు మూయించాలని చిగుసా పంతం.

సత్రం ఎదురింటి గుమ్మంలో ఎనభై ఏళ్ళ తోయో మామ్మ మోకాలిలోతు మంచుని పారతో తోస్తోంది. చూస్తూ వెళ్ళిపోవడానికి చిగుసాకి కాళ్ళు రాలేదు. పార అందుకుని కాసేపట్లో దారి చేసింది.

"నా తల్లే, నిన్ను ఉత్త చేతులతో పంపిస్తానా," అంటూ మామ్మ సంచీడు యాపిల్ పళ్ళు చేతిలో పెట్టింది.

పుచ్చుకుని ఊరుకోవడం జపాన్ దేశంలోనే లేదు. చిగుసా తను పనిచేసే పోస్టాఫీసు వాళ్ళకోసం కొన్న మిఠాయి పెట్టెని రెండు చేతులా ఇచ్చింది.

"ఇంత పెట్టే? ఉండు," అని మామ్మ ముల్లంగి ఊరగాయ జాడీ తెచ్చింది. జాడీకి బదులు చిగుసా వీధి చివర కొట్టుకి వెళ్ళి టీపొడి డబ్బా తెచ్చింది. డబ్బాకి బదులు ఉన్ని టోపీ వచ్చింది. టోపీకి బదులు చిగుసా పెరట్లో మంచు కూడా తోసి, వెనక సందు దాకా దారి చేసింది. ఆ నేరానికి ఇంకో సంచీడు యాపిల్ పళ్ళు వచ్చిపడ్డాయి. అప్పటికి పదకొండున్నర.

ఇక లాభం లేదనుకుంది. బదులు తేవడానికన్నట్టు సత్రంలోకి వెళ్ళి, సామానంతా అక్కడ పడేసి, వంటింటి గుమ్మంలోంచి జారుకుంది. బదులివ్వకుండా పారిపోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. సిగ్గుతో చెవులు మండిపోయాయి.

కోట ముందు ఎర్ర వంతెన మీద తోయో మామ్మ నిలబడి ఉంది.

"నన్ను వెతుక్కుంటూ వచ్చారా, మామ్మగారూ?" అంది చిగుసా నీరసంగా.

"నువ్వే నన్ను వెతుక్కుంటూ వచ్చావనుకున్నాను," అంది మామ్మ, అంతకన్నా నీరసంగా. "మా కోడలు పుట్టింటికెళ్ళింది. ఏడాది మొత్తానికి నేను ఒక్కదాన్నే ఇక్కడికి రాగలిగేది ఇవాళే. పొద్దున్నే వద్దామని దారి చేసుకుంటుంటే నువ్వొచ్చి పట్టుకున్నావు."

"మరి ఊరగాయ ఎందుకిచ్చారు?"

"మిఠాయి నువ్వెందుకిచ్చావు? ఇంకేం పట్టుకొస్తావోనని భయమేసి, నువ్వు చేసిన పెరటి దోవనే వచ్చేశాను."



"ఇక్కడ మనకి పరిచయం లేదు. సరేనా?" అంది మామ్మ.

"మీరెవరో నాకు తెలీదు," అంది చిగుసా.

ముందు చిగుసా, పదిహేను అడుగుల వెనక మామ్మ నడిచారు. దేవదారు కొమ్మల మీంచి మంచు మెత్తగా రాలుతోంది. కోట తెల్లగా, చప్పుడు లేకుండా ఉంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. చిగుసాకి ప్రాణం హాయిగా ఉంది. ఒంటిగంటకి వెనక్కి తిరిగినప్పుడు ఎదురుపడిన మామ్మ తల కూడా ఊపలేదు.

రైల్లోంచే అక్కకి ఫోన్ చేసి, "ఒంటరిగానే చూశాను," అంది గర్వంగా.

వారానికి ఇంటికి పార్సిలొచ్చింది. నిండా యాపిల్ పళ్ళు, పైన చీటీ. "మనకి పరిచయం లేదు. మీ అడ్రసు సత్రం వాళ్ళిచ్చారు. ఆ రోజు కోటలో మీరు ముందు నడిచి మంచు తొక్కడంవల్ల నాకు నడక సులువైంది. అందుకే ఇవి."

చిగుసా పళ్ళు తీసి బుట్టలో పోసి, అదే అట్టపెట్టె మీద హిరోసాకి అడ్రసు రాయడం మొదలుపెట్టింది.