చెరువుకు కాగితం

ఏ వస్తువైనా కొనేముందు ఉదయ్ భాస్కర్‌ని అడగాలన్నది మా ఆఫీసులో అమల్లో ఉన్న పద్ధతి. ఆ ఉదయ్ భాస్కర్‌ని నేనే. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ మేనేజర్‌ని. ఇతరులు చేసిన తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం, పట్టుకున్నాక నలుగురికీ చెప్పడం నా అలవాటు. మిక్సీ కొనడానికి మూడు వారాలు రివ్యూలు చదివినవాడిని. ఆ మూడు వారాలూ మా ఆవిడ జయంతి పక్కింటివాళ్ల మిక్సీలో పచ్చడి చేసుకుంది.

అటువంటి నేను ఇల్లు కొనవలసి వచ్చింది. మణికొండలో పద్నాలుగేళ్లలో ఆరు అద్దె ఇళ్లు మారాం. ఏ ఇంట్లోనూ ఓనరుగారి అనుమతి లేకుండా గోడకు మేకు కొట్టే స్వాతంత్ర్యం లేదు. తన ఇష్టం వచ్చిన చోట మేకు కొట్టుకునే గోడ ఒక్కటి చాలని జయంతి కోరిక. ఆ గోడ కోసం మా మామగారు అమలాపురం దగ్గర తనకున్న కొబ్బరితోట మొత్తం అమ్మేశారు. ఇంకో తోట లేదు కాబట్టి పొరపాటు జరగడానికి వీల్లేదని నేను స్వయంగా రంగంలోకి దిగాను.

బాచుపల్లి దాటాక లేస్తున్న ‘నీలసాగర్ హైట్స్’ మా కంటికి ఆనింది. ఎక్సెల్‌లో నూట పద్దెనిమిది ప్రశ్నలు రాసుకున్నాను. ముప్పై ఏళ్లలో ఆ స్థలం ఎవరెవరి చేతులు మారిందో చెప్పే ఈసీ తెప్పించాను. మచ్చ లేదు. అంతకుముందు సంగతి అడగాలని నాకు తోచలేదు, ఫారంలో ఆ గడి లేదు మరి. లాయరుగారు తొమ్మిది పేజీల ఒపీనియన్ ఇచ్చారు. నాలుగో పేజీలో నా పేరుకు బదులు వరంగల్‌కు చెందిన ఎవరో మహిళ పేరు ఉంటే వెంటనే పట్టుకుని దిద్దించాను. ఆ విజయం గురించి ఆఫీసులో వారం రోజులు చెప్పుకున్నాను. స్థలం చూశారా అని లాయరుగారిని అడిగితే, బ్యాంకు లోను ఇస్తోంది కదండీ అన్నారు. బ్యాంకులో అదే మాట అడిగితే, లాయరుగారు ఒపీనియన్ ఇచ్చారు కదండీ అన్నారు. ఇద్దరికీ ఇంత ఏకాభిప్రాయం ఉన్నందుకు సంతోషించి రెండు గళ్లలోనూ టిక్కు పెట్టాను.

నీటి విషయంలో మాత్రం నాకు ఆనందబాష్పాలే వచ్చాయి. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లన్నీ ఏప్రిల్‌లో ట్యాంకర్ల కోసం కొట్టుకుంటుంటే, ఇక్కడ సెల్లార్ కోసం తవ్విన గోతిలోంచి రెండు మోటార్లు రాత్రింబవళ్లు నీళ్లు తోడిపోస్తున్నాయి. తోడేకొద్దీ వస్తున్నాయి. ఇరవై అడుగులకే బోరు పడుతుందని సేల్స్ అమ్మాయి నీహారిక చెప్పింది. ఈశాన్యంలో ఇంత జలం మహాయోగమని వాస్తు సిద్ధాంతిగారు నిర్ధారించారు. మిగతా ఏడు దిక్కుల్లో కూడా జలమే ఉన్న సంగతి ఆయన ప్రస్తావించలేదు, నేనూ అడగలేదు.

గేటు అవతల టీ బండి పెట్టుకున్న బాలనర్సయ్య ఆ ఊరివాడే. డెబ్బై ఏళ్లుంటాయి. టీ తాగుతూ, నీళ్లు బాగున్నాయి కదా అని మాట కలిపాను.

“బాగుండక ఏమైతది సారూ. గిదంత చెరువే. మా నాయిన గీడ్నే వల ఏస్తుండె. మీరిప్పుడు జూసొచ్చిన కాడ ఇద్దరు మనుషుల లోతు” అన్నాడు.

నేను కంగారుపడలేదు. శిక్షణ పొందిన టెస్టర్ కంగారుపడడు. “దానికి మీ దగ్గర కాగితం ఏమైనా ఉందా?” అని అడిగాను.

ఆయన నన్ను కాసేపు జాలిగా చూశాడు. “చెరువుకు కాగితమేంది సారూ. నీళ్లుంటయి.”

తిరిగి వస్తుంటే కారులో జయంతి అంది. “ఆయనకి మనతో అబద్ధం ఆడాల్సిన పనేముందండీ?”

నోటిమాట సాక్ష్యం కిందికి రాదని మియాపూర్ నుంచి మణికొండ దాకా ఆవిడకు వివరించాను. ఇంటికి చేరాక నూట పంతొమ్మిదో వరసలో ‘చెరువు’ అని రాసి, ఎదురుగా ‘నిర్ధారణ కాలేదు’ అని నమోదు చేశాను.

అయినా మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉంది. మర్నాడు నీహారికను అడిగితే ఆమె నవ్వి, ఫ్లాట్లు తీసుకుంటున్నవాళ్ల జాబితా తీసింది. మా కంపెనీ నుంచే నలభై ఇద్దరు ఉన్నారట. నలభై ఇద్దరు! ఒక్క మనిషి పొరబడవచ్చు, ఇద్దరు పొరబడవచ్చు. నెలనెలా జీతం తీసుకుని తప్పులు వెతికే నలభై ఇద్దరు ఒకేసారి పొరబడరు. నేను ఆ అంకె చదివాను, కింద పేర్లు చదవలేదు. అదే రోజు అగ్రిమెంటు మీద సంతకం పెట్టాను. రెండేళ్లకు భవనం పూర్తయింది. గృహప్రవేశం నాడు తగిలించడానికి ఏమీ లేకపోయినా జయంతి హాల్లో నాలుగు మేకులు కొట్టుకుంది.

ఆ జూలైలో వానలు పడ్డాయి. సెల్లార్లో కార్లు తేలాయి. ఆ తర్వాత ప్రభుత్వ సర్వేవాళ్లు వచ్చి చెరువు హద్దులు కొలిచి, మా స్తంభాల మీద ఎర్రరంగుతో గీతలు గీసి, నోటీసు తర్వాత వస్తుందని చెప్పి వెళ్లిపోయారు. ఆ కొలతల ప్రకారం మా నీలసాగర్‌లో చెరువుకు బయట ఉన్నది గేటొక్కటే. దాని అవతల బాలనర్సయ్య టీ బండి కూడా సురక్షితంగా గట్టు మీదే ఉంది.

అత్యవసర సమావేశం జరిగింది. అసోసియేషన్ అధ్యక్షులు, విశ్రాంత ఆడిట్ అధికారి సోమేశ్వరరావుగారు గొంతు సవరించుకున్నారు. “మనమంతా విద్యావంతులం. మన అందరి డిగ్రీలూ కలిపి చూస్తే ఇక్కడ చెరువు ఉండడానికి ఆస్కారమే లేదు” అన్నారు. చప్పట్లు మోగాయి. ఇంతకీ స్థలం గురించి మొదట వాకబు చేసినవారు ఎవరని ఆయన అడిగారు. మా టీములో పనిచేసే ఆదర్శ్ లేచి నావైపు చూశాడు.

“మీరు చూస్తున్నారని తెలిసే నేను బుక్ చేశాను సార్. మీరు అన్నీ చూస్తారు కదా.”

మిగతావాళ్లదీ అదే మాట. నేను నలభై ఇద్దరి జాబితా చూసి కొన్నానని చెప్పుకున్నాను. జాబితా తెప్పించారు. మొట్టమొదటి పేరు నాదే. బ్రోచర్ కోసం వెళ్లిన మొదటి రోజు విజిటర్స్ రిజిస్టర్లో పెట్టిన నా సంతకం చూసి రాసుకున్నారు. నన్ను నమ్మి నలభై ఒక్కమంది కొన్నారు, వాళ్లను నమ్మి నేను కొన్నాను. మా మామగారి కొబ్బరిచెట్లు గుర్తొచ్చాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ధరలు పడిపోకుండా ఎర్రగీతల మీద గోధుమరంగు వేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. పాత రంగులో కొత్త రంగు కలిసిందో లేదో పరీక్షించే బాధ్యత అనుభవజ్ఞుడినని నాకే అప్పగించారు. తలవంచుకునే పరీక్షించాను. చక్కగా కలిసింది.

మొన్న ఆదివారం, అమ్ముడుపోని ఫ్లాట్లు చూపించడానికి నీహారిక ఒక యువజంటను తీసుకొచ్చింది. జాబితాలో మొదటి పేరున్న ఉదయ్ భాస్కర్‌గారు ఈయనే అని నన్ను పరిచయం చేసింది. అబ్బాయి ముఖం వెలిగిపోయింది. ఆ అమ్మాయి మాత్రం మా హాలు గోడ తడిమి, ఇక్కడ మేకులు బాగా దిగుతాయా అని జయంతిని అడిగింది. జయంతి నా ముఖంలోకి చూసింది.

నాకు నోరు పెగిలింది. “కొనకండి. ఇది చెరువు” అన్నాను.

ఆ అబ్బాయి కంగారుపడలేదు. మావాడే, ఏదో కంపెనీలో టెస్టర్. “దానికి మీ దగ్గర కాగితం ఏమైనా ఉందాండీ?” అని మర్యాదగా అడిగాడు.

కిందికి తీసుకెళ్లి స్తంభం చూపించాను. గోధుమరంగు మెరుస్తోంది. గేటు అవతల బాలనర్సయ్య గ్లాసులు కడుగుతూ మమ్మల్ని చూస్తున్నాడు. అబ్బాయి ఫోన్ తీసి ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో తొంగి చూడవలసిన అవసరం నాకు లేకపోయింది. తర్వాత నీహారిక వెంట ఆఫీసు గదిలోకి వెళ్లి రిజిస్టర్లో సంతకం పెట్టాడు.

ఇంకా పదకొండు ఫ్లాట్లు ఉన్నాయట. మీరు ఎలాగూ ఒకసారి వచ్చి చూస్తారు. రిజిస్టర్లో సంతకంతో పాటు పేరు కూడా స్పష్టంగా రాయండి. మీ తర్వాత వచ్చేవాళ్లు చదువుకోవాలి.