తెర చాటు న్యాయం

ప్రజలకు తెలియజేయునది ఏమనగా, సమ్మె ఇరవై మూడో రోజున కేసముద్రం మార్కెట్ ముందర, నడిరోడ్డు మీద, మధ్యాహ్నం పన్నెండు గంటలకు సమానత్వం ప్రారంభమైంది.

ప్రత్యేక రాష్ట్రం కోసం వంటావార్పు అది. పొయ్యి మీద పెద్ద గుండిగలో బగారన్నం, పక్కనే వేదిక మీద 'న్యాయం - సమానత్వం' అని బ్యానర్ కట్టి సదస్సు.

డప్పు ముత్యం పొయ్యికి దూరంగా కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ప్రతి ఊరేగింపుకీ అతనే ముందు, ప్రతి బంతికీ అతనే చివర. చివరంటే బంతి చివర కూడా కాదు, అవతల కరెంటు స్తంభం దగ్గర, విడిగా ఒక విస్తరి. ఈ ఒక్కపూటైనా బంతిలో కూర్చుని తినాలని పొద్దుటి నుంచి అతని ఆశ.

రిటైర్డ్ లెక్చరర్ ఎల్లేశం సారు గంటన్నర ప్రసంగించాడు. అందరికీ ఒకే కొలత ఒక న్యాయమన్నాడు. ఆకలిని బట్టి ఇచ్చేది ఒకటన్నాడు, కష్టాన్ని బట్టి ఇచ్చేది మరొకటన్నాడు. ముత్యం శ్రద్ధగా విన్నాడు. ఆ మూడు న్యాయాల్లోనూ తనకు బంతిలో చోటు దొరుకుతోంది. రోడ్డు మీదే దొరకడం లేదు.

"అన్నిటికన్నా ఉత్తమమైనది తెర న్యాయం. ఎదుటివాడెవడో తెలియకుండా పంచిపెట్టడం" అని సారు ముగించాడు.

వడ్డించే భద్రమ్మకు ఈ మాట తెగ నచ్చింది.

"గట్లనే చేద్దాం సారూ. గా బ్యానర్ ఇటు అడ్డం పట్టుండ్రి. కింది నుంచి పళ్లెం పెట్టుండ్రి, పేరు చెప్పొద్దు. పళ్లెం నిండినోళ్లు నిండినట్టు బంతిల కూసోవాలె."

సభ చప్పట్లు కొట్టింది. సమానత్వం అని రాసిన గుడ్డ గుండిగకు అడ్డంగా లేచింది.

మొదటి పళ్లెం వెనక చిన్న దగ్గు వినిపించింది.

"భద్రమ్మా, పేరు చెప్పొద్దన్నవు గద, అందుకే చెప్తలేను. ఎల్లేశం సారును."

తర్వాతి పళ్లెం బియ్యం పంపిన దుకాణం తనదేనని గుర్తుచేసింది. ఆ తర్వాతిది తన పదవి మాత్రం చెప్పింది. భద్రమ్మ గరిటె గొంతును బట్టి పైకీ కిందికీ కదిలింది.

ముత్యం వంతు వచ్చింది. అతను పళ్లెం గుడ్డ కిందికి తోశాడు.

"ఎవలు?" అంది భద్రమ్మ.

పళ్లెం నుంచి పేరూ రాలేదు, పదవీ రాలేదు. గరిటె ఒక్క క్షణం ఆగింది. తర్వాత గుండిగ అడుగు దాకా వెళ్లింది. పళ్లెంలో అన్నం కుప్ప పడింది, దాని మీద వంకాయలు, ఆ పైన జీడిపప్పు.

ముత్యం వెళ్లి బంతిలో ఎల్లేశం సారు పక్కన కూర్చున్నాడు. సారు రెండు పళ్లేలనూ తులనాత్మకంగా పరిశీలించాడు.

"గిదేం న్యాయం, భద్రమ్మా?"

భద్రమ్మ బ్యానర్ మీద నుంచి తొంగిచూసింది.

"నువ్వా ముత్యం? పేరు చెప్పకపోతే ఎవలో కలెక్టర్ సారనుకున్న."

ముత్యం అప్పటికే మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నోట్లోకి వెళ్లిన న్యాయాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి సదస్సులో ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం సమ్మె కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది: ఎవరెవరో స్పష్టంగా కనబడితేనే సమానత్వం సాధ్యం, కావున ఇకమీదట తెర వాడరాదు.

మీరైతే ఆ తెర వెనక సారులా దగ్గి ఉండేవారు కాదని మాకు తెలుసు. ఉంగరమున్న చేతిని కాస్త ముందుకు చాపేవారు, అంతే.