పుస్తకానికి కాపలా

శనివారం ఉదయం అల్లుడి పథకం చాలా చిన్నది. పదకొండింటికల్లా ఇంట్లో సర్వర్ పెట్టేయాలి, పన్నెండింటికల్లా మామగారి మెప్పు పొందాలి. రెండోదాని కోసమే మొదటిది.

సర్వర్ అనగానే భయపడాల్సిన పనిలేదు. అటక మీద పడేసిన పాత కంప్యూటరు ఒకటి, దానికి పక్కమూత లేదు. పాత సామాన్ల దుకాణంలో బేరమాడి తెచ్చిన డిస్కులు రెండు, ఊరికే దొరికిన ప్రోగ్రాం ఒకటి. వీటిని చెప్పుల అర పైభాగంలో సర్ది వైరు తగిలిస్తే, ఇంట్లోని కంప్యూటర్లలో ఉన్నదంతా రోజూ తనంతట తానే వచ్చి అక్కడ ఇంకో ప్రతిగా చేరుతుంది. ఒకటి పాడైనా రెండోది ఉంటుంది. "చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం కాదు నేను," అన్నాడు భార్యతో. పోయిన నెల కుళాయి బాగుచేస్తానని వంటింటిని చెరువు చేసిన మనిషి ఈ మాట అనడం ఆవిడకు కొంచెం ఎక్కువే అనిపించింది.

ముఖ్యంగా కాపాడవలసింది వాళ్ళతోనే ఉంటున్న మామగారి పుస్తకం. ముప్ఫై అయిదేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన ఆయన, మూడేళ్ళుగా రోజూ గది తలుపు వేసుకుని ఆత్మకథ టైపు చేస్తున్నారు. పేరు "నేను దిద్దిన తప్పులు". రెండువందల పేజీలు దాటిందని ఇంట్లో చెప్పుకుంటారు. ఆదివారం ఆయన పాత స్నేహితులు నలుగురు వచ్చి మొదటి అధ్యాయం వినబోతున్నారు. అల్లుడు రాసిన మొట్టమొదటి ఉత్తరాన్నే ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపిన మామగారాయన. ఆ తర్వాత పన్నెండేళ్ళలో అతనిలో పట్టుకోని తప్పు లేదు.

ప్రోగ్రాం తెర మీద రెండు గళ్ళు చూపించింది. ఎడమది అసలు, కుడిది నకలు. అల్లుడు కళ్ళద్దాల దుకాణంలో పదిహేనేళ్ళుగా చూపు పరీక్షిస్తున్నాడు. ఎదురుగా కూర్చున్నవాళ్ళ కుడికన్ను అతనికి ఎప్పుడూ ఎడమచేతి వైపే. చేతికి పట్టిన ఆ అలవాటుతో ఖాళీ డిస్కును అసలు గడిలోనూ, మామగారి కంప్యూటరును నకలు గడిలోనూ పెట్టి మీట నొక్కాడు. "నకలు అచ్చం అసలులాగే తయారైంది," అని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. నిజమే. మామగారి కంప్యూటరు అచ్చం ఖాళీ డిస్కులాగే ఉంది.

"అయిందా అల్లుడూ?" మామగారు గుమ్మంలో నిలబడ్డారు.

నిజం చెప్పేస్తే ఆ గోల అక్కడితో పోయేది. నోరు మాత్రం, "వైరస్, మామయ్యగారూ! వైరస్ వచ్చింది," అంది.

"పుస్తకం పోయిందా? మొత్తం?" ఆయన ఆత్రంగా అడిగారు.

"అబ్బే, లేదండీ! భద్రంగా ఉంది. వైరస్ పోయేదాకా ముట్టుకోకూడదు, అంతే."

మామగారి ముఖం వాడిపోయింది. నమ్మలేదేమో అనుకున్నాడు అల్లుడు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది మరీ అతికింది. ఇంటినుంచే ఆఫీసు పని చేసుకుంటున్న భార్య, వైరస్ మాట చెవిన పడగానే పై అధికారికి ఫోన్ చేసి చెప్పేసింది. వాళ్ళు ఆవిడనూ, ఆ పూట ఆవిడ పంపిన ఫైళ్ళు తెరిచిన పదహారు మందినీ ఆఫీసు లైన్లోంచి తీసేశారు. అత్తగారు పైవాటా సంగీతం మాస్టారికి జాగ్రత్త చెప్పి వచ్చింది. ఆయన పాఠం మధ్యలో ఆపి కిందికి దిగి, మెట్ల కింద ఉన్న ఇంటర్నెట్ పెట్టె మీటే ఆపేశారు. నాలుగు వాటాలకూ లైను పోయింది. అందరూ కలిసి మెకానిక్‌ని పిలిచారు. ఇంతసేపూ అల్లుడు తేలుకుట్టిన దొంగలా చెప్పుల అర ముందే కూర్చున్నాడు.

మెకానిక్ వచ్చేసరికి నాలుగు వాటాల జనం గుమ్మం దగ్గర ఉన్నారు.

"ఏం చేసింది సార్ వైరస్?"

"ఫైళ్ళు... తుడిచేసింది."

మెకానిక్ రెండు గళ్ళ వైపు చూశాడు, అల్లుడి వైపు చూశాడు. "వైరస్సేం లేదు సార్. ఖాళీదాన్ని అసలు అన్నారు, నిండుగా ఉన్నదాన్ని నకలు అన్నారు. మీరు చెప్పినట్టే చేసింది."

"మరి నాన్న పుస్తకం?" అంది భార్య.

"నేనే పోగొట్టాను," అన్నాడు అల్లుడు, నేల చూస్తూ.

"మూడేళ్ళ కష్టం బాబూ!" అంటూ అత్తగారు కూలబడింది. మామగారు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. కుళాయి విరగ్గొట్టిన రోజు అల్లుడు నవ్వేసి ఊరుకున్నాడు. ఈరోజు నవ్వు రాలేదు. తప్పు చేసినందుకన్నా, మూడు గంటల సేపు ఆ పెద్దాయనకు భద్రంగా ఉందని అబద్ధం చెప్పినందుకు సిగ్గుతో చచ్చిపోయాడు.

మెకానిక్ జాలిపడి, గళ్ళు సరిచేసి, పోయిన ఫైళ్ళను వెదికే ప్రోగ్రాం ఒకటి పెట్టి వెళ్ళాడు. అది సాయంత్రం దాకా వెదికి, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఒక్క పేజీ తెచ్చింది. పుస్తకం పేరు, అంకితం, "నేను పుట్టిన రోజున" అని సగం వాక్యం. వాటితోపాటు, ఎందుకో, నాలుగు వేల పేకాటల స్కోర్లు.

ఆ పేజీ ప్రింటు తీసుకుని అల్లుడు మామగారి గది తలుపు తట్టి లోపలికి వెళ్ళాడు.

"క్షమించండి మామయ్యగారూ. దొరికింది ఇంతే. మిగతా రెండువందల పేజీలూ..."

మామగారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. లేచి తలుపు గడియ వేశారు.

"మొత్తం దొరికింది," అన్నారు.

"అండీ?"

"ఉన్నదే అంత. రోజూ కూర్చుంటాను. ఒక వాక్యం రాస్తాను, అందులో తప్పు కనిపిస్తుంది, కొట్టేస్తాను. ఆ తర్వాత పేకాడుకుంటాను." ఆయన గొంతు బాగా తగ్గింది. "రేపు నలుగురి ముందు ఏం చదవాలా అని వారం రోజులుగా నిద్రలేదు. పొద్దున నువ్వు వైరస్ అనగానే ప్రాణం లేచొచ్చింది. అంతలోనే భద్రంగా ఉందని చంపేశావు."

తప్పు దొరికిపోయిన మనిషి ముఖం అది. అల్లుడు దాన్ని రోజూ అద్దంలో చూస్తూనే ఉంటాడు.

"ఈ పేజీ సంగతి ఎవరికీ చెప్పకు బాబూ. నా పరువు నీ చేతిలో ఉంది."

ఆదివారం స్నేహితులు నలుగురూ వచ్చారు. చదివితే అరగంటలో అయ్యేది, పోయిన పుస్తకం గురించి మామగారు గంటన్నర చెప్పారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. అల్లుడు తలవంచుకుని టీ అందించాడు. కప్పు తీసుకున్న ప్రతివాడూ అతన్ని ఒక చూపు చూశాడు. చేసిన తప్పుకు సిగ్గుపడటం నిన్న అయింది, చెయ్యని తప్పుకు సిగ్గుపడటం ఇవాళ్టి పని.

"పోనీ, మళ్ళీ మొదలుపెట్టరాదూ?" అని అడిగాడొక స్నేహితుడు.

మామగారు నిట్టూర్చారు. "ఈ అల్లుడు ఇంట్లో ఉండగానా?"

చెప్పుల అరలో సర్వర్ అప్పుడే ఆ ఒక్క పేజీని, ఒక్క తప్పు లేకుండా, రెండు డిస్కుల్లోనూ దాచిపెట్టింది.