నాలుగోసారీ తెగింది

రెండువేల ఆరు వేసవిలో ఒక శనివారం. పొద్దున్నే కాలేజీకి వెళ్ళి, మధ్యాహ్నానికల్లా పని ముగించుకుని, ఒక్క పూటైనా కంటినిండా నిద్రపోవాలనుకుంది క్రిస్టినా. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు ఆమె. కరిగిన ప్లాస్టిక్‌ని దారంలా లాగి, ఎంత బలానికి ఎంత సాగుతుందో కొలవడం ఆమె పరిశోధన. లోపల పొడవాటి అణువులు ఒకదానికొకటి చిక్కుపడి ఉంటాయి. నెమ్మదిగా లాగితే చిక్కు విడుతుంది, జోరుగా లాగితే బిగుస్తుంది. ఆ బిగువెంతో తేలకముందే దారం తెగిపోతోంది. సోమవారంలోగా కొలతలివ్వకపోతే పిహెచ్‌డి మీద ఆశ వదులుకోవడమే.

బయల్దేరేముందు ఇల్లుగలావిడ పాపాయమ్మ ఫోన్లోంచి గైడుగారికి మొరపెట్టుకుంది.

"నాలుగోసారీ తెగిపోయిందండీ... నెమ్మదిగా ఉంటే బానే ఉంటోందండీ, కాస్త జోరు చేస్తే తట్టుకోలేకపోతోంది... మూడేళ్ళయిందండీ, ఇంక ఓపిక లేదు. సోమవారంలోగా తేలకపోతే వదిలేస్తానండీ."

క్రిస్టినాకి పెళ్ళయిందీ మూడేళ్ళే. భర్త ఏసుకుమార్ మండవల్లిలో చేపల చెరువులు చూసుకుంటూ ఆదివారాలు మాత్రం వచ్చి వెళతాడు. గోరుచిక్కుళ్ళు తుంచుతున్న పాపాయమ్మ చేతులు ఆగిపోయాయి. క్రిస్టినా గేటు దాటగానే ఆమె మామగారు బాలస్వామికి ఫోన్ కొట్టింది పాపాయమ్మ.

"మీ కోడలు వదిలేస్తానంటోందండీ!"

బాలస్వామి కొడుక్కి చెప్పేసరికి అది "వదిలేసింది" అయింది. చేపల వ్యాన్లో బంధువులంతా బయల్దేరారు. ఆకివీడులో ఎక్కిన మేనత్తకి సోమవారం కోర్టు అని తెలిసింది. భీమవరంలో ఎక్కిన పాస్టరుగారికి రెండో పెళ్ళికొడుకు ఉద్యోగం కూడా తెలిసింది. మధ్యాహ్నం పన్నెండింటికి పదకొండుమంది, చేపల వాసనతో సహా, ల్యాబులో అడుగుపెట్టారు.

అప్పటికే ఐదోసారి ప్లాస్టిక్ కరిగించింది క్రిస్టినా. వాళ్ళని చూసి ఆశ్చర్యపోయే ఓపిక కూడా ఆమెకి లేదు.

"కూర్చోండి మావయ్యగారూ. ఐదు నిమిషాలు. మళ్ళీ కరిగించలేను."

"కరగాల్సింది నీ మనసమ్మా. మొగుణ్ణి వదిలేస్తానన్నావట," అన్నారు పాస్టరుగారు.

"ఒరే, ముందా ఫ్యాను ఆపు. అమ్మాయి ఏవంటోందో ఒక్క ముక్క వినపడట్లేదు," అన్నాడు బాలస్వామి. ఏసుకుమార్ స్విచ్ ఆపాడు.

దారాన్ని లాగే చక్రం తిరిగింది. దారం దిగింది. క్రిస్టినా జోరు పెంచింది. తెగలేదు. ఇంకా పెంచింది. మీటరులో అంకె పైకి పాకుతూనే ఉంది. గబగబా రాసుకుంటూ రాసుకుంటూ ఆమె భోరుమంది.

"గాలండీ! ఇన్నాళ్ళూ ఫ్యాను గాలికి చల్లారిపోయి తెగిందండీ ఈ దారం! ఇది తెగుతోందనే పిహెచ్‌డి వదిలేస్తానన్నాను!"

పదకొండుమందీ ఆ దారం వంక చూశారు. వెంట్రుకంత ఉంది.

"దీనికా ఆకివీడు నుంచి నిలబడి వచ్చాను!" అంది మేనత్త.

"పెద్దవాళ్ళొచ్చి కూర్చుంటే ఏదీ తెగదమ్మా," అన్నాడు బాలస్వామి, చెమట తుడుచుకుంటూ.

అందరూ భోజనానికి వెళ్ళాక ఏసుకుమార్ ఒక్కడే గుమ్మం దగ్గర ఆగాడు. పాపం, దారి పొడుగునా హడలిపోయాడు.

"నిజం చెప్పు. నన్ను వదిలేద్దామని ఎప్పుడూ అనుకోలేదా?"

క్రిస్టినా అంకెల మీంచి తలెత్తలేదు.

"తీరికేదండీ?"