ముళ్లపంది కొన్న తోలు సీట్ల వ్యాను

ఒక పెద్ద అడవిలో మట్టిరోడ్డు పడ్డ కొత్తలో, నాలుగేసి కాళ్లున్న జంతువులకి కూడా బండి లేకపోతే నామోషీగా ఉండేది.

అక్కడి పంచాయతీ ఆఫీసులో కంటకేశ్వర్రావు అనే ముళ్లపంది హెడ్‌గుమాస్తా. ఆ వేసవిలో వాగు ఎండిపోయింది. భార్య సూదమ్మనీ, గంపెడు పిల్లల్నీ, ముసలి తల్లినీ తీసుకుని కొండ అవతలి చెరువుకి మకాం మార్చాలి. తల్లికేమో మోకాళ్ల నొప్పులు.

"అత్తయ్య అంత దూరం నడవలేరు. ఓ పాత వ్యానైనా కొనండి" అంది సూదమ్మ.

అడవి అంచున రంగనాథం అనే ఊసరవెల్లి, విదేశాల్లో వాడేసి ఓడెక్కించిన బళ్లు అమ్మేవాడు. 'పాతవి' అని మాత్రం అనడు. 'ఇంపోర్టెడ్' అంటాడు.

దుకాణంలో రెండు వ్యాన్లున్నాయి. ఒకదానిలో చెక్కబల్లలు. రెండోదానిలో వెన్నలాంటి తోలు సీట్లు, కిటికీలకి పట్టు తెరలు. మీట నొక్కితే తలుపు దానంతటదే జరిగి, ఏదో భాషలో ఒక ఆడగొంతు పలికింది.

"ఏమంటోందయ్యా?" అన్నాడు కంటకేశ్వర్రావు.

"మీలాంటి పెద్దలు ఎక్కడం తన అదృష్టం అంటోంది సార్."

సూదమ్మ చెక్కబల్ల మీద కూర్చుని చూసింది. "ఇది చాలండీ. పిల్లలు వాంతి చేసుకున్నా కడిగేసుకోవచ్చు."

రంగనాథం మెల్లగా బంగారు రంగులోకి మారాడు. "అమ్మగారు చెప్పింది నిజమే. నిన్న మీ ఆఫీసు బంట్రోతు కుందేలు కూడా దాన్నే చూసి వెళ్లాడు."

అంతే. కంటకేశ్వర్రావు తోలు సీట్ల వ్యాను కొనేశాడు.

ప్రయాణం రోజు సూదమ్మ అత్తగారి చెయ్యి పట్టుకుని వ్యాను ఎక్కించబోయింది.

"ఆగాగు! ముళ్లు!" అని అరిచాడు కంటకేశ్వర్రావు. ఇంటిల్లిపాది వీపులనీ అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "సీట్లు చిల్లులు పడిపోవూ?"

"మరి మేమెలా రావాలి?"

"వెనకాలే నడిచి రండి. నేనూ నెమ్మదిగానే నడుపుతాగా."

"మీరెలా కూర్చుంటారు?"

"కూర్చోను" అన్నాడు గంభీరంగా. సీటుకి వీపు తగలకుండా, సగం లేచి, స్టీరింగు మీదకి వంగి బండి కదిలించాడు.

ముందు తెరలు దించిన వ్యాను, వెనక తలలు వంచుకుని కుటుంబం. దారి పక్క జంతువులు లేచి నిలబడి దణ్ణాలు పెట్టాయి. కోతులు పూలు జల్లాయి. తన హోదాకి ఇంత గౌరవమా అని కంటకేశ్వర్రావు పొంగిపోయాడు.

ఒక ముసలి ఎలుగుబంటి బండికి అడ్డం వచ్చి, కళ్లు తుడుచుకుంటూ అడిగింది: "పోయిందెవరు బాబూ?"

కంటకేశ్వర్రావు వెనక్కి తిరిగాడు. తల్లి రాయి మీద కూలబడి రొప్పుతోంది. పిల్లల మొహాలనిండా వ్యాను లేపిన దుమ్ము.

"నా బుర్ర తాతా" అన్నాడు చివరికి. "ఊసరవెల్లి కొట్లో పోయింది."

పరుగున వెళ్లి తల్లిని ఎత్తుకొచ్చాడు. ఆవిడ వ్యాను గుమ్మంలోనే ఆగిపోయింది. "సీట్లు చిరుగుతాయేమోరా. ఈ మూలన నిలబడతాలే."

ఆ మాటకి కంటకేశ్వర్రావు తానే ముందు వెళ్లి, ముళ్లన్నీ నిక్కబొడుచుకుని, సీట్లో ధబ్బున కూర్చున్నాడు. తోలు పర్రున చిరిగింది. పిల్లలు కేరింతలు కొడుతూ మిగతా సీట్ల మీదికి దూకారు. ముసలావిడ కాళ్లు చాపుకుని "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అంది. దూది ఎగురుతుండగా అందరూ చెరువు చేరారు.

గట్టున కొత్త ఇరుగుపొరుగు వచ్చి వ్యాను చుట్టూ తిరిగారు. "సీట్లలా ఉన్నాయేంటి?" అని ఒక అడవిపిల్లి అడిగింది.

"విదేశాల్లో చింపుకునే కూర్చుంటారట" అన్నాడు కంటకేశ్వర్రావు, తన మీద తానే వేసుకున్న ఎకసెక్కానికి నవ్వుతూ.

అడవిపిల్లి నవ్వలేదు. శ్రద్ధగా తల ఊపి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా గట్టు మీది బళ్లన్నిటి సీట్లూ చిరిగాయి. "సరదాకన్నానర్రా! నా తెలివితక్కువతనమది!" అని కంటకేశ్వర్రావు ఇంటింటికీ తిరిగి మొత్తుకున్నాడు.

"పెద్దాయనకి ఎంత వినయమో!" అని మురిసిపోయారు అందరూ.

నీతి: చేసిన తప్పు దిద్దుకోనక్కర్లేదు, విదేశాల్లో అలాగే చేస్తారని చెబితే చాలు.